ఖాళీ చేయించిన నాలుగు రోజులకే సెప్టిక్ ట్యాంకు నిండింది, కారణం ఏమిటి?

ప్రశ్న:
మా సెప్టిక్ ట్యాంకులో సుమారు 3,000 లీటర్లు పడతాయి, ఇంట్లో నలుగురం ఉంటాము. ఆరేళ్ల తరువాత గత వారం దానిని మొదటిసారి పూర్తిగా ఖాళీ చేయించాము. నాలుగో రోజున మూత జరిపి చూస్తే, నీరు మళ్లీ బయటికి పోయే గొట్టం దాకా వచ్చి ఉంది. పని సరిగా చేయకుండానే డబ్బు తీసుకున్నారా, లేక ట్యాంకులోనే లోపం ఉందా? బాక్టీరియా పొడి కలపమని ఒకరు సలహా ఇచ్చారు. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
ట్యాంకు నిండుగా ఉండటం లోపం కాదండి, అది ఎప్పుడూ అలాగే ఉండాలి. ఇంట్లోంచి ఎంత నీరు వస్తే అంత నీరు అవతలి గొట్టం గుండా ఇంకుడు గుంతకు పోతుంది కనుక, నీటిమట్టం ఆ గొట్టం అడుగు అంచు దగ్గర నిలుస్తుంది. నీరు కదలకుండా ఉన్న ఆ సమయంలోనే బరువైన పదార్థం అడుగుకు దిగి మడ్డిగా పేరుకుంటుంది, నూనె, జిడ్డు పైకి తేలి తెట్టు కడతాయి, గాలి లేకుండా బతికే బాక్టీరియా మడ్డిని నెమ్మదిగా కుళ్లబెట్టి తగ్గిస్తాయి, నడుమ ఉన్న తేటనీరు మాత్రమే బయటికి పోతుంది. గొట్టం చివర ఉండే టీ ఆకారపు ముక్క తెట్టును ఆపడానికే. అది విరిగితే తెట్టు నేరుగా గుంతలోకి పోయి మట్టి సందులను పూడ్చేస్తుంది, ఆ మరమ్మతు ట్యాంకు ఖాళీ చేయించడం కంటే ఎన్నో రెట్లు పెద్ద పని.

పొడి అనవసరం. కావలసిన బాక్టీరియా మలంతోపాటే చేరతాయి, వాటిని బతకనిస్తే చాలు. బ్లీచింగ్, ఆమ్లం వంటివి ఎక్కువగా పోయకండి.

నన్ను ఆలోచింపజేసింది నిండటం కాదు, నిండిన వేగం. నలుగురి వాడకం రోజుకు 450 లీటర్లు అనుకున్నా, 3,000 లీటర్లు నిండటానికి దాదాపు వారం పట్టాలి. మీకు నాలుగు రోజులే పట్టిందంటే రోజుకు సుమారు 300 లీటర్లు ఎక్కడినుంచో అదనంగా వస్తున్నాయి. ముందు మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకును అనుమానించండి. అందులో కాస్త వంటరంగు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా ఆగి చూడండి. రంగు కింది పళ్లెంలోకి దిగితే లోపలి వాల్వు కారుతున్నట్లే.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. వాననీటి గొట్టం ట్యాంకులోకి కలిపి ఉందేమో, గోడల పగుళ్లలోంచి భూగర్భజలం ఊరుతోందేమో కూడా చూడండి. అదనపు నీరు వేగంగా వస్తే మడ్డి దిగేంత వ్యవధి ఉండదు, అది నీటితో కొట్టుకుపోయి గుంతను చేరుతుంది.

ఇక ఎప్పుడు ఖాళీ చేయించాలో ఏళ్ల లెక్క ఒక్కటే చెప్పదు. సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు అంటారు, కానీ పొడవైన కర్రకు తెల్లని గుడ్డ చుట్టి అడుగు దాకా దించి, కాసేపు ఉంచి తీస్తే మడ్డి ఎంత ఎత్తున ఉందో ఆ నల్లని మరకే చూపిస్తుంది. మడ్డి, తెట్టు కలిసి నీటిలోతులో మూడో వంతుకు చేరితే ఖాళీ చేయించాలి.

కొలిచేటప్పుడు తల లోపలికి వంచకండి, నిప్పు దగ్గరికి తేకండి, ఎంత చిన్న పని ఉన్నా ఎవరినీ లోపలికి దింపకండి. లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. రెండోది గాఢంగా ఉన్నప్పుడు ముక్కుకు వాసనే తెలియకుండా చేస్తుంది కనుక, కంపు ఆగిందని ధైర్యం చేసినవారే పడిపోతారు. పడినవారిని కాపాడబోయి దిగినవారు కూడా అలాగే పోతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి రంగు కలిపి చూశాను, పది నిమిషాలకే పళ్లెం అంచు నుంచి నీలిచార దిగింది. వాల్వు కింది రబ్బరు బిళ్ల గట్టిపడి ఒక పక్క చీలి ఉంది. ఈ ఉదయం దానిని మార్చాను. ఖాళీ చేసినవారిని అనవసరంగా అనుమానించాను. మూత మళ్లీ బిగించే ముందు టీ ముక్కను కూడా టార్చి వెలుగులో దూరం నుంచే చూశాను, అది సరిగానే ఉంది.