‘చిత్రిక పట్టడం’ అంటే చిత్రించడమేనా?

గుంటూరు నుంచి: ఒక పుస్తక సమీక్షలో ‘పల్లె జీవితాన్ని లోతుగా చిత్రిక పట్టారు’ అని చదివాను. చిత్రించారు అనే అర్థంలో వాడినట్టున్నారు. ఇది సరైన వాడుకేనా అండీ?

విజయవాడ నుంచి: కాదండీ. చిత్రిక వడ్రంగి పనిముట్టు, కొందరు తోపడా అంటారు. కోసిన చెక్కని సమంగా, నున్నగా చేసేది. ‘చిత్రం’ వినబడుతోంది కదా అని బొమ్మ గీయడం వైపు లాగేశారు కాబోలు. వానాకాలంలో తలుపు ఉబ్బి బిగుసుకుపోతే వడ్రంగిని పిలిచి అంచుకి చిత్రిక పట్టిస్తాం చూడండి, అదే అసలు అర్థం.

ఇప్పుడు మా హాల్లోకి నేనే ఒక టీపాయ్ చేస్తున్నాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 16 అంగుళాల ఎత్తు. అంత వెడల్పు టేకు ఒకే పలకగా అడితిలో దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. అందుకని ఆరేసి అంగుళాల పలకలు మూడు పక్కపక్కన పెట్టి ఫెవికాల్‌తో అతికించాలి. చిత్రిక విలువ తెలిసేది ఆ అంచుల దగ్గరే. ఒక పలక అంచు మీద ఇంకో పలక అంచు నిలబెట్టి కిటికీ వైపు పట్టుకుని చూడాలి. సందులోంచి వెలుతురు సన్నగా కనబడిందంటే, ఎత్తుగా ఉన్నచోట మళ్లీ చిత్రిక పట్టాలి. పొర వాటం చూసి తోస్తే పొట్టు ఉల్లిపొరలా చుట్టలు తిరుగుతూ లేస్తుంది. వాటానికి ఎదురు తోశామో, చెక్క పేళ్లు పేళ్లుగా లేచి పాడవుతుంది.

కాబట్టి ‘లోతుగా చిత్రిక పట్టడం’ కుదరని పని. లోతుకి ఉలి ఉంది. చిత్రిక పైపైన, పొర తరవాత పొర తీస్తుంది. ‘ఆవిడ ప్రతి వాక్యాన్నీ చిత్రిక పట్టి గానీ వదలరు’ అనండి, ఎంత బాగుంటుందో! అక్కర్లేని మాట తీసేసి, ఎగుడుదిగుళ్లు సరిచేశారని ఇట్టే తెలిసిపోతుంది. జీవితాన్ని కళ్లకి కట్టించారని చెప్పడానికి చిత్రించడం ఉండనే ఉంది.

గుంటూరు నుంచి: పత్రికల్లో ఇంతగా స్థిరపడ్డాక తప్పనగలమా? వాడుకే కదండీ ప్రమాణం?

విజయవాడ నుంచి: అర్థం మారిన మాటలు చాలా ఉన్నాయి, కాదనను. కానీ ఇక్కడ పాత అర్థం పోలేదు. కరెంటు మిషన్ వచ్చినా చెక్కకి చిత్రిక పట్టమనే అంటున్నాం. పని చేసేవాళ్ల నోట నిక్షేపంగా బతికున్న మాటకి రాసేవాళ్లు ఇంకో అర్థం అంటగట్టడం నాకు బాధగా ఉంటుంది.

గుంటూరు నుంచి: అయితే ఇంకో సందేహం. గరుకు కాగితం పెట్టి రుద్దితే సరిపోదా, చిత్రిక ఎందుకు?

విజయవాడ నుంచి: గరుకు కాగితం నునుపు తెస్తుంది గానీ వంకర తియ్యదండీ. ముందు చిత్రిక పట్టి, అంచుకి మూలమట్టం ఆనించి చూసుకుని, అప్పుడు అతికించాలి. జిగురు పూర్తిగా ఆరాక 120 నంబరు కాగితం, ఆపైన 220.