ఒకసారి ఇంజిన్ దింపిన కారు కొనొచ్చా? (స్విఫ్ట్ డీజిల్, 2013)

హన్మకొండ చౌరస్తా
అందరికీ నమస్తే. ఒక స్విఫ్ట్ డీజిల్ చూశాను. 2013 మోడల్, ఏపీ 36 బండి, ఫస్ట్ ఓనర్, 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. ఓనర్ కాజీపేటలో ఉంటారు, రిటైరయ్యారు, 2,60,000 చెబుతున్నారు. బండి లోపల బయట నీట్‌గా ఉంది. బేరం నడుస్తుండగా ఆయనే చెప్పారు, రెండేళ్ల కింద ఎండాకాలంలో కూలెంట్ పైపు పగిలి బండి హీటెక్కిందని, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కు, పైనున్న హెడ్‌కు మధ్య ఉండే సీల్) పోయిందని, ఆ తర్వాత ఆయిల్ కూడా తినడం మొదలుపెట్టేసరికి ఇంజిన్ మొత్తం దింపించి బోర్ పని (పిస్టన్లు కదిలే సిలిండర్ల లోపలి గోడలు లేత్‌లో మళ్లీ కోయించడం) చేయించానని. ఇప్పుడైతే పొగ లేదు, పికప్ బాగుంది. మా బావ మాత్రం ఇంజిన్ దింపిన బండి ఇంటికి తేవద్దంటున్నాడు. మీరేమంటారు?

ఎనుమాముల యార్డు
వదిలేయండి అన్నా. కంపెనీలో ఎక్కిన ఇంజిన్ వేరు, చెట్టు కింద చైన్ పుల్లీకి వేలాడదీసి ఎక్కించిన ఇంజిన్ వేరు. బానెట్ ఎత్తి మౌంటింగ్ బోల్టులు, అంటే ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచేవి, చూడండి. కంపెనీ వాళ్లు పెట్టిన పెయింట్ గీత బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదికి ఒకే వరసలో ఉండాలి. ఆ గీత తెగిందంటే ఇక ఆ బండి గురించి మాట్లాడుకునేది లేదు. 2,60,000 కాదు, రెండు లక్షలకు ఇచ్చినా నేనైతే తీసుకోను.

జగిత్యాల ఎక్స్‌ప్రెస్
బోర్ పని బిల్లు ఉందా?

పాత స్పానర్
యార్డు అన్నా, ఆ గీత బోల్టు తిప్పారని చెబుతుంది, ఎలా బిగించారో చెప్పదు. మౌంటింగ్ రబ్బరు అరిగితే మార్చినా గీత తెగుతుంది. క్లచ్ ప్లేట్ కోసం గేర్‌బాక్స్ ఒక్కటే దింపినా మౌంటింగ్ విప్పాల్సిందే, గీత తెగాల్సిందే. 1,42,000 తిరిగిన డీజిల్ బండికి క్లచ్ ఎప్పుడూ మార్చలేదంటే నమ్ముతారా?

అసలు ఈ బండికి ఇంజిన్ ఎందుకు దింపారో చూడండి. హెడ్ గాస్కెట్ ఒక్కటే అయితే ఇంజిన్ దింపే పనే లేదు, బండిలో ఉండగానే హెడ్ లేపి చేస్తాం. కానీ ఇది 1248 సీసీ ఇంజిన్, బ్లాక్ కాస్ట్ ఐరన్, హెడ్ అల్యూమినియం. బాగా హీటెక్కితే ముందు హెడ్ వంకర పోతుంది, ఇంకా నడిపితే పిస్టన్లు బోరును గీరేస్తాయి. అప్పుడు బ్లాక్ ఖాళీ చేసి లేత్‌కు పంపాలి. బండిలో పెట్టుకుని బోరింగ్ ఎవరూ చేయలేరు. అంటే ఆ మెకానిక్ దింపాల్సిన పనికే దింపాడు. దింపకుండా రింగులు మాత్రం మార్చి పొగ ఆపేసి అమ్మినవాళ్లను ఆటోనగర్‌లో చాలామందిని చూశాను. ఆ బండికి గీత తెగదు, ఆరు నెలలకు మళ్లీ ఆయిల్ తింటుంది.

ఎనుమాముల యార్డు
మీరు మెకానిక్ కాబట్టి అలాగే అంటారు. గీత తెగిందా లేదా అన్నది ఒక్కటే నా ప్రశ్న.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
ముందు ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబర్, బ్లాక్ మీది నంబర్ ఒకటేనా చూడండి. మిగతాదంతా తర్వాత.

హన్మకొండ చౌరస్తా
చూశాను, ఒకటే. గీతలు తెగి ఉన్నాయి, దాని గురించి ఓనర్ దాచిందేమీ లేదు కదా.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
అయితే మంచిది. నంబర్ బ్లాక్ మీదే ఉంటుంది కాబట్టి బోర్ కొట్టినా మారదు. మారిందంటే స్క్రాప్ నుంచి వేరే ఇంజిన్ తెచ్చి వేశారని అర్థం. అలా వేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఎక్కించకపోతే ట్రాన్స్‌ఫర్ అప్పుడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ అప్పుడు తలనొప్పి. ఇంకొకటి, 2013 బండి అంటే 15 ఏళ్లకు, అంటే 2028లో, ఆర్సీ రెన్యువల్ వస్తుంది. అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఎనుమాముల యార్డు
నంబర్లు, సెక్షన్లు కాదన్నా. నాకు జరిగింది చెబుతా వినండి. నేనూ ఇలాంటి బండే కొన్నాను, ఇంజిన్ దింపిన సంగతి అమ్మినవాడు చెప్పలేదు. హైదరాబాద్ పోయి వచ్చాను, కరీంనగర్ పోయి వచ్చాను, ఏ ఇబ్బందీ లేదు. మేడారం జాతరకు మా అమ్మానాన్నను, పిల్లలను తీసుకుని బయలుదేరాం. పస్రా దాటాక ట్రాఫిక్ నిలబడిపోయింది. తాడ్వాయి అడవిలో అడుగు అడుగు కదులుతున్నాం, చూస్తుండగానే టెంపరేచర్ లైటు వెలిగింది, బానెట్ కింద నుంచి ఆవిరి. మా నాన్న బీపీ మనిషి. ఆ గుంపులో ఆయన్ని దింపి రోడ్డు పక్కన కూర్చోబెట్టి నీళ్ల కోసం తిరిగాను. తర్వాత చూపిస్తే తేలింది ఏంటంటే, ఇంజిన్ ఎక్కించినప్పుడు రేడియేటర్ ఫ్యాన్ ప్లగ్గు క్లిప్పు విరిగింది, దాన్ని అలాగే గుచ్చి వదిలేశారు. హైవే మీద ఎదురుగాలికి రేడియేటర్ చల్లబడుతుంది కాబట్టి ఫ్యాన్ తిరగకపోయినా తెలియలేదు. బండి నిలబడ్డాక తెలిసింది. అప్పటి నుంచి ఇంజిన్ దింపిన బండి అంటే నాకు వద్దు, అంతే.

భూపాలపల్లి బైపాస్
మీ నాన్నగారికి ఇప్పుడు ఎలా ఉంది అన్నా?

ఎనుమాముల యార్డు
బాగానే ఉన్నారు తమ్మీ, దేవుడి దయ.

పాత స్పానర్
మీ కుటుంబం పడ్డ ఇబ్బందికి నాకు నిజంగా బాధగా ఉంది. కానీ పోయింది ప్లగ్గు, ఇంజిన్ కాదు.

ఎనుమాముల యార్డు
నేను చెప్పేదీ అదే కదా! ఇంజిన్ దింపాలంటే ఎన్ని ప్లగ్గులు పీకాలి, ఎన్ని పైపులు, ఎన్ని క్లిప్పులు? పదేళ్లు ఇంజిన్ వేడికి ఎండిన ప్లాస్టిక్ ముట్టుకుంటే విరుగుతుంది. విరిగినదాన్ని మార్చేదెవరు? ఇన్సులేషన్ టేపు చుట్టి పంపిస్తారు. మీలాంటోళ్లకు అది చిన్న పని, మాకు అది నడిరోడ్డు.

పాత స్పానర్
మీలాంటోళ్లు, చెట్టు కింద, ఈ మాటలు చదువుతూనే ఉన్నాను. సరే, మా షెడ్డులో ఇంజిన్ ఎలా దిగుతుందో చెబుతా, తర్వాత మీ ఇష్టం.

ముందు బ్యాటరీ మైనస్ తీస్తాం. కూలెంట్, ఆయిల్ దింపుతాం. ఏసీ పైపులు విప్పం, కంప్రెసర్‌ను బోల్టులు తీసి పైపులతో సహా పక్కకు కడతాం, గ్యాస్ పోకుండా. ప్రతి ప్లగ్గుకు టేపు అంటించి నంబర్ రాస్తాం, పీకకముందు ఫోన్‌లో ఫోటో తీస్తాం. ఇంజెక్టర్లు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కే పోవాలి కాబట్టి విడివిడిగా గుర్తు పెట్టి మూతులు మూసి ఉంచుతాం, డీజిల్ లైన్‌లో ఇసుక రేణువంత మురికి పోయినా ఇంజెక్టర్ పోతుంది.

ఎక్కించేటప్పుడు అసలు పని ఉంటుంది. క్లచ్ ప్లేట్ సెంటర్ చేయకుండా గేర్‌బాక్స్ కూర్చోదు. ఇంజిన్‌కు గేర్‌బాక్సుకు మధ్య వేలు పట్టేంత సందు మిగిలితే, బోల్టు బిగించి దగ్గరికి లాగుదామని చూసేవాడు పని రానివాడు, హౌసింగ్ చెవి పగులుతుంది. వెనక్కి తీసి, షాఫ్ట్ పళ్లు కలిసేలా కాస్త తిప్పి, చేత్తో తోస్తే అదే వచ్చి పిన్నుల మీద కూర్చోవాలి. మౌంటింగులు అన్నీ వదులుగా పెట్టి, ఇంజిన్‌ను ఊపి, అది తన చోటికి వచ్చాకే బిగించాలి. లేకపోతే స్టీరింగ్ దాకా వైబ్రేషన్ వస్తుంది, జనం ఇంజిన్ పోయిందనుకుంటారు. ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు మరిచిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు గేర్ కేబుల్‌లోంచి పోయి కేబుల్ మాడుతుంది. కూలెంట్ పోశాక గాలి మొత్తం బయటికి పోయేదాకా, ఫ్యాన్ ఆన్ అయి ఆఫ్ అయ్యేదాకా నిలబెట్టి నడపాలి. మీ బండికి ఈ చివరి పని చేసి ఉంటే ఆ ప్లగ్గు షెడ్డులోనే దొరికేది. చేయనివాడిది తప్పు. దింపడం తప్పెలా అవుతుంది?

పెద్దపల్లి పెట్రోల్
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థాంక్స్ అన్నా. సేవ్ చేసుకున్నా.

ఎనుమాముల యార్డు
చెప్పడానికి అందరూ ఇలాగే చెబుతారు. మరి పాత సామాను అడిగితే ఎందుకు ఇవ్వరు? పిస్టన్లు మార్చామంటారు, పాతవి చూపించమంటే స్క్రాప్ వాడికి వేశామంటారు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద మొత్తం ఒక్క అంకె.

పాత స్పానర్
బిల్లు ఎవరు వద్దంటారో కూడా చెప్పండి. 18 శాతం జీఎస్టీ అనగానే బిల్లు లేకుండా చెయ్యి అన్నా అనేది కస్టమరే. బేరింగులు మార్చాలంటే పాతవే వేసెయ్ అంటాడు. హెడ్ ఫేసింగ్‌కు, అంటే వంకర పోయిన హెడ్‌ను చదును చేయడానికి, లేత్ వాడికి ఇవ్వాలంటే తుడిచి గాస్కెట్ పెట్టెయ్ అంటాడు. పెళ్లి ఉంది, రెండు రోజుల్లో కావాలంటాడు. సామానుకు ఎంతైనా ఇస్తారు, కూలీ దగ్గరికి వచ్చేసరికి సగానికి బేరం. ఆ బండి మళ్లీ ఆగితే పేరు పోయేది మాది.

జగిత్యాల ఎక్స్‌ప్రెస్
చిన్న మాట. సర్వీసు షాపుకు ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పన్ను లేకుండానే రసీదు ఇవ్వొచ్చు. ఏం చేశారో వరసగా రాసి ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు.

ఎనుమాముల యార్డు
అదీ మాట. రాసి ఇవ్వరు.

పాత స్పానర్
నేను రాసి ఇస్తాను. పాత సామాను బస్తాలో కట్టి డిక్కీలో పెట్టే పంపిస్తాను. అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

ఇప్పుడు నాది ఒక ప్రశ్న, దీనికి సూటిగా జవాబు చెప్పండి. కాజీపేట ఆయన అడగకుండానే ఇంజిన్ దింపించానని చెప్పారు. చెప్పినందుకు మీరు రెండు లక్షలకు కూడా వద్దన్నారు. మీకు అమ్మినవాడు దాచాడు, పూర్తి ధర తీసుకుని పోయాడు. ఇలాగైతే రేపు ఇంకెవరైనా నిజం ఎందుకు చెబుతారు? బోల్టు మీద గీతదేముంది, బజార్లో పెయింట్ మార్కర్ దొరుకుతుంది, మళ్లీ గీసుకుంటారు. మీ పరీక్షలో దొంగే పాసవుతాడు.

ఎనుమాముల యార్డు
నాకు అమ్మినవాడు చెప్పి ఉంటే మేడారం పోయేముందు ఒకసారి మొత్తం చూపించుకుని పోయేవాణ్ణి. మా నాన్న ఆ అడవిలో అలా కూర్చునేవాడు కాదు. నా కోపం అదే. కానీ చెప్పినంత మాత్రాన పని సరిగా జరిగినట్టు కాదన్నా. ఆయన మంచోడే కావచ్చు, ఆయనకూ లోపల ఏం వేశారో తెలియదు, మెకానిక్ చెప్పిందే మనకు చెబుతున్నాడు. ఆ మాట మీద 2,60,000 పెట్టమంటే నేను పెట్టను. కాగితం ఉంటే ఒక ధర, లేకపోతే ఒక ధర. దీన్ని శిక్ష అంటే నేనేం చేయలేను.

పాత స్పానర్
కాగితం అడగండి, అది న్యాయం. గీత చూసి పారిపొమ్మనడం న్యాయం కాదు. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

ఎనుమాముల యార్డు
మొదటి నుంచీ మీరు కాగితం ఊసే ఎత్తలేదు. అడిగింది జగిత్యాల తమ్ముడు.

హన్మకొండ చౌరస్తా
అన్నలూ, కాజీపేట వెళ్లి వచ్చాను. ఆయన దగ్గర లేత్ షాపు రసీదు ఉంది. నాలుగు సిలిండర్లు బోరింగ్, హెడ్ ఫేసింగ్, క్రాంక్ పాలిష్ అని రాసి ఉంది. సామాను బిల్లు వేరేగా ఉంది, అందులో ఒక సైజు పెద్ద పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్ కిట్, హెడ్ బోల్టులు, వాటర్ పంపు, క్లచ్ సెట్ ఉన్నాయి. టైమింగ్ చైన్ (క్రాంక్‌తో కలిపి వాల్వుల షాఫ్ట్‌ను తిప్పే గొలుసు) మాత్రం కనిపించలేదు. అడిగితే చైన్ బాగుందని మెకానిక్ పాతదే వేశాడన్నారు.

పాత స్పానర్
హెడ్ బోల్టులు కొత్తవి వేశాడంటే పని తెలిసినవాడే. కానీ ఇంజిన్ బయట ఉన్నప్పుడు చైన్ మార్చకపోవడం నాకు నచ్చలేదు. బ్లాక్ ఖాళీ అయ్యాక చైన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది, అప్పుడు వేస్తే సామాను ఖర్చే. ఇప్పుడు మళ్లీ విప్పాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, ఆయన కాదనకూడదు. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో చైన్ వైపు గరగర శబ్దం వస్తుందేమో వినండి.

ఎనుమాముల యార్డు
చూశారా, మీరే ధర తగ్గించమంటున్నారు.

పాత స్పానర్
చైన్‌కు తగ్గించమన్నాను. ఇంజిన్ దింపినందుకు కాదు.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
రసీదు మీద తేదీ, బండి నంబర్ ఉన్నాయా? వేరే బండి రసీదు కూడా చూపిస్తారు.

హన్మకొండ చౌరస్తా
రెండూ ఉన్నాయి, సరిపోయాయి. ఆదివారం పొద్దున టెస్ట్ డ్రైవ్ పెట్టుకున్నాం. ఏమేం చూడాలో చెప్పండి.

పాత స్పానర్
ముందు రోజు రాత్రి నుంచి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని వచ్చేయండి. చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మూత తీసి చూడండి, వేడి మీద తీయకండి. ఆయిల్ తేలకూడదు. స్టార్ట్ చేశాక ఆయిల్ మూత తీస్తే కొంచెం ఆవిరి మామూలే, బుసబుస పొగ కొడుతూ మూత ఎగురుతుంటే బ్యాక్ కంప్రెషన్, అంటే బోరు లేదా రింగులు నిలవలేదు. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ అనుమానం. మూత కింద మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

ఎనుమాముల యార్డు
నేను ఎనుమాముల నుంచే, ఆదివారం మార్కెట్ సెలవు. మీకు అభ్యంతరం లేకపోతే నేనూ వస్తాను. కొనమని మాత్రం చెప్పను. డ్రైవ్ అయ్యాక బండి నిలబెట్టి, ఏసీ ఆపి, ఫ్యాన్ దానంతటదే తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడవాలి. ఏసీ ఎందుకు ఆపాలంటే, ఏసీ వేస్తే ఫ్యాన్ ఎలాగూ తిరుగుతుంది, వేడికి తిరుగుతోందో లేదో తెలియదు. ఆ ప్లగ్గు క్లిప్పు నేను చేత్తో పట్టుకుని చూస్తాను. అది అయ్యేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

హన్మకొండ చౌరస్తా
తప్పకుండా రండి అన్నా. ఏడింటికి కాజీపేట స్టేషన్ దగ్గర కలుద్దాం. స్పానర్ అన్నా, ఆ టైముకు ఫోన్‌లో ఉంటారా?

పాత స్పానర్
ఉంటాను. స్టార్ట్ చేసే ముందే కాల్ చేయండి, ఫోన్ చైన్ వైపు పెట్టి వినిపించండి.