గుంటూరు–విజయవాడ అమ్మాయిల రగ్బీ: రెండో ఏడాది నడపడానికి సలహా కావాలి

ప్రశ్న: వ్యాయామ ఉపాధ్యాయిని, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. ఒకప్పుడు కబడ్డీ ఆడాను. గత ఏడాది ఐదుగురు మిత్రులం కలిసి గుంటూరు, విజయవాడ, తెనాలి, మంగళగిరి ఊళ్ళ పేర్లతో నాలుగు అమ్మాయిల రగ్బీ జట్లు కట్టాం. జట్టుకు ఇరవై మంది. ఆరు ఆదివారాల పోటీ. ప్రతి అమ్మాయికీ మ్యాచ్‌కు 500 రూపాయలు ఇస్తానని ఒక దాత మాట ఇచ్చారు. ఆ మాట నమ్మి మేమూ అమ్మాయిలకు మాట ఇచ్చాం. రెండు ఆదివారాల డబ్బు వచ్చింది. మూడో వారం నుంచి ఆయన ఫోను ఎత్తడం లేదు.

అయినా అమ్మాయిలు ఆడారు. కానీ వారం వారం తగ్గిపోయారు. కొందరు బట్టల దుకాణాల్లో పని చేస్తారు, ఆదివారమే వాళ్ళకు పని ఎక్కువ. ఇద్దరు నర్సులు, డ్యూటీ ఎప్పుడు పడుతుందో వాళ్ళకే తెలియదు. చివరి వారం తెనాలి జట్టు పదిహేను మంది దిగాల్సిన చోట పదకొండు మందితో మైదానంలోకి దిగింది. అది చూసి ఎదుటి జట్టు కెప్టెన్ తన వాళ్ళలో నలుగురిని పక్కన కూర్చోబెట్టి పదకొండు మందితోనే ఆడించింది. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

అదే మ్యాచ్‌లో ఒకమ్మాయి పరుగెత్తుతూ పక్కకు తిరగబోయి మోకాలు పట్టుకుని కూలిపోయింది. ఎవరూ తగల్లేదు. లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషన్ ఖర్చు ఆ కుటుంబమే పెట్టుకుంది, మా వంతుగా మేం కొంత ఇచ్చాం. వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ టీ ఇచ్చింది గానీ నా ముఖం వైపు చూడలేదు.

ఇప్పుడు అమ్మాయిలే అడుగుతున్నారు, ఈ ఏడాది ఎప్పుడు మొదలుపెడుతున్నామని. నడపాలా? నడిపితే డబ్బు, దెబ్బలు, సెలవులు, ఈ మూడింటినీ ఎలా సర్దుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు: పోటీల నిర్వాహకుడు, విజయవాడ

మేడమ్ గారూ, నడపండి. కానీ నిరుడు నడిపినట్టు వద్దు.

మీ లెక్కే ఒకసారి వేసి చూడండి. నాలుగు జట్లు, జట్టుకు ఇరవై మంది, తలకు 500. అంటే వారానికి 40,000. ఆరు వారాలకు 2,40,000. అందులో మీకు వచ్చింది 80,000. మిగతా 1,60,000 మీ నెత్తిన బాకీగా కూర్చుంది. మైదానం, బంతులు, జెర్సీలు, మందులు ఈ లెక్కలో లేనే లేవు. ఒకే మనిషి మాట మీద ఇంత బరువు పెడితే ఆ మనిషి మంచివాడైనా సరే ఏదో ఒక రోజు కూలుతుంది.

ఇది మన దగ్గరే జరిగిందని కుంగిపోకండి. ఇంగ్లండులో ప్రీమియర్ ఫిఫ్టీన్స్ పేరుతో 2017లో మహిళల లీగ్ మొదలైనప్పుడు పది జట్లు. అక్కడి రగ్బీ సంఘం మూడేళ్ళకు 24 లక్షల పౌండ్లు కేటాయించింది. అంత సొమ్ము ఉన్నా ఆడేవాళ్ళు బడుల్లో, ఆసుపత్రుల్లో, పోలీసు శాఖలో ఉద్యోగాలు చేసుకుంటూనే సాయంత్రాలు సాధనకు వచ్చేవారు. సొమ్ము జీతాలకన్నా ముందు కోచ్‌లకూ, ఫిజియోలకూ, సాధన వసతులకూ వెళ్ళింది. జాతీయ జట్టులోని 28 మందికి పూర్తికాల ఒప్పందాలు 2019 జనవరిలో గానీ రాలేదు. ఇన్నేళ్ళు నిలదొక్కుకున్నాక కూడా 2023 అక్టోబరులో, సీజన్ మొదలయ్యే ముందు, వూస్టర్ మహిళల జట్టు డబ్బు లేక తప్పుకుంది. ఆ ఏడాది తొమ్మిది జట్లతోనే ఆడారు. అదే దేశంలో 2025 సెప్టెంబరు 27న లండన్‌లోని ట్వికెన్‌హామ్ మైదానంలో మహిళల రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్ చూడటానికి 81,885 మంది వచ్చారు. ఇంగ్లండు 33–13తో కెనడాను గెలిచింది. వూస్టర్ మూతపడటానికీ ఆ జనసముద్రానికీ మధ్య రెండేళ్ళు కూడా లేవు.

అమెరికాలో మరీ కష్టం. 2009లో మొదలైన వాళ్ళ ప్రీమియర్ లీగ్‌లో ఆడేవాళ్ళే చందాలు కట్టి, సొంత ఖర్చుతో ప్రయాణాలు చేసి ఆడారు. ఆరు జట్లతో పాక్షిక వృత్తి లీగ్ రావడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. అందుకే అంటున్నాను, మ్యాచ్ ఫీజు మన మొదటి మెట్టు కాదు. ఆడటానికి వచ్చిన అమ్మాయి చేతి నుంచి ఒక్క రూపాయి ఖర్చు కాకుండా చూడటం మొదటి మెట్టు. అది నిలబడ్డాక ఫీజు సంగతి.

రెండో మాట. పదిహేను మంది ఆట మానేయండి, ఏడుగురి ఆట పెట్టండి. ఒలింపిక్స్‌లో 2016 నుంచి ఉన్నది అదే. సగానికి ఏడు నిమిషాలు, మొత్తం పద్నాలుగు. జట్టుకు పన్నెండు మంది చాలు. నాలుగు జట్లకు 48 మంది. మీ దగ్గర 80 మంది పేర్లున్నాయి కదా, నిజంగా మైదానానికి వచ్చేది ఆ 48 మందే అయి ఉంటారు.

ఏడుగురి ఆటలో పెద్ద సుఖం ఒకటుంది. నాలుగు జట్లూ ఒకదానితో ఒకటి తలపడితే ఆరు మ్యాచ్‌లు. వరుసగా రెండు మ్యాచ్‌లు, ముప్పావు గంట. తర్వాత అరగంట విశ్రాంతి. ఇలా మూడు విడతలు. ఉదయం ఆరున్నరకు మొదలుపెడితే పదింటి లోపు అంతా అయిపోతుంది. మన ఎండలకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. ఆరు ఆదివారాల బదులు నెలకు ఒక ఉదయం చొప్పున నాలుగు నెలలు పెట్టుకోండి. ఒక మైదానం, ఒక అంబులెన్సు, ఒక రిఫరీ బృందం. నవంబరులో మొదలుపెడితే ఫిబ్రవరికి ముగుస్తుంది.

ప్రయాణం గురించి కూడా. స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్ళకు టికెట్ డబ్బు అక్కర్లేదు. అయితే గుంటూరు–విజయవాడ మధ్య తిరిగే నాన్‌స్టాప్ బస్సులకు ఇది వర్తించదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుని మామూలు బస్సు ఎక్కమని ముందే చెప్పండి. జట్టు మొత్తానికి వ్యాను మాట్లాడే ఖర్చు మిగులుతుంది.

పాత బాకీ సంగతి దాచకండి. ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసి అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఎప్పటికి ఇవ్వగలరో చెప్పండి, ఇవ్వలేకపోతే అదీ చెప్పండి.

జవాబు: మంగళగిరి జట్టులో ఆడిన అమ్మాయి

అక్కా, నేను మీకు తెలుసు, పేరు రాయడం లేదు. ఆ 500 కోసం మాలో ఎవరూ మానలేదు. నేను మానింది తేదీల వల్ల. శుక్రవారం రాత్రి మెసేజ్ పెట్టి ఆదివారం రమ్మంటే మా దుకాణంలో ఒప్పుకోరు. నెల ముందు తేదీ చెబితే ఇంకొకరితో డ్యూటీ మార్చుకుంటాను. సంస్థ ముద్రతో ఒక ఉత్తరం ఇస్తే ఇంకా మంచిది, మా యజమానికి చూపిస్తాను.

ఇంకొకటి చెప్పాలి. నిరుడు ఒక మైదానంలో బట్టలు మార్చుకోవడానికి గది లేదు. మేం నలుగురం దుప్పటి అడ్డుపెట్టి ఒకరి తర్వాత ఒకరు మార్చుకున్నాం. ఆ రోజు నెలసరిలో ఉన్న ఒకమ్మాయి మ్యాచ్ ఆడకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. మీతో చెప్పవద్దంది. తలుపు, గడియ, నీళ్ళు ఉన్న గది లేని మైదానం వద్దు అక్కా, అది ఎంత చవకగా వచ్చినా.

జవాబు: ఫిజియోథెరపిస్టు, గుంటూరు

పై జవాబు చదివి చాలాసేపు ఆగాను. గది సంగతి ఆ అమ్మాయి చెప్పింది కాబట్టి నేను దెబ్బల గురించి రాస్తాను.

ఎవరూ తగలకుండా మోకాలి లిగమెంటు తెగడం అరుదు కాదు. దిశ మార్చే ఆటలన్నిటిలో ఈ లిగమెంటు దెబ్బ మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు కొన్ని రెట్లు ఎక్కువ. తుంటి, తొడ వెనుక కండరాల బలం, దూకి దిగే తీరు ఇందులో ముఖ్యం. అందుకే సాధనకు ముందు మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తి మొదలుపెట్టడం చాలదు. వరల్డ్ రగ్బీ సంస్థ యాక్టివేట్ పేరుతో ఒక వ్యాయామ క్రమాన్ని ఉచితంగా అందిస్తోంది. ఇంగ్లండు రగ్బీ సంఘం, బాత్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసినది. ఒంటికాలి మీద నిలబడటం, దూకి మెత్తగా దిగడం, మెడ కండరాలకు బలం ఇవ్వడం ఇందులో ఉంటాయి. ఇరవై నిమిషాలు పడుతుంది. బడి పిల్లలపై చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో వారానికి మూడుసార్లు చేసిన జట్లలో మ్యాచ్ దెబ్బలు 72 శాతం తగ్గాయి. అది మగపిల్లల మీద చేసిన అధ్యయనం, ఆ అంకె మన అమ్మాయిలకు అలాగే వర్తిస్తుందని నేను అనను. కానీ నా దగ్గరకు వచ్చే మోకాళ్ళను చూస్తున్నాను కాబట్టి ఇది మానవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

మీ జట్లలో కబడ్డీ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఉంటారు. వాళ్ళకు పట్టు అలవాటే, భయం లేదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. కబడ్డీలో క్యాచర్ ఎదురుగా పడి పట్టేటప్పుడు తల ఎక్కడున్నా సాగిపోతుంది, ఎందుకంటే రైడర్ నాలుగడుగుల దూరం నుంచి వస్తుంది. రగ్బీలో ఎదుటి అమ్మాయి ఇరవై గజాల పరుగుతో వస్తుంది. తల ఆమె తొడల ముందు ఉంటే మోకాలు నేరుగా కణతకు తగులుతుంది. తల పక్కకు, చెంప ఆమె తుంటి వెనుక భాగానికి ఆనాలి, భుజం తగలాలి, రెండు చేతులూ చుట్టుకోవాలి. మొదటి రెండు వారాలు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తర్వాత నడకలో, తర్వాతే పరుగులో నేర్పండి.

తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే బయటకు పంపించండి. ఆ రోజు మళ్ళీ ఆడనివ్వకండి. "నేను బాగానే ఉన్నాను మేడమ్" అన్నా వద్దు. డాక్టరు చూసి సరేననాలి. నేను చూసే జట్లలో మూడు వారాల లోపు ఎవరినీ మ్యాచ్‌లోకి రానివ్వను.

పళ్ళ కవచం ప్రతి ఒక్కరికీ ఉండాలి. వేడి నీళ్ళలో ముంచి కొరికేది చాలు. గిన్నెలో నీళ్ళు కాగాక దింపి, పొట్లం మీద రాసినంతసేపే ముంచండి. తీసి, ఒక్కసారి చన్నీళ్ళు చూపించి, నోట్లో పెట్టుకుని గట్టిగా కొరకాలి. కొరుకుతూ పెదాలు మూసి గాలిని లోపలికి పీలిస్తే పళ్ళకు అంటుకుంటుంది. నోరు తెరిచినా జారిపడకపోతే సరిగా కుదిరినట్టు. మా క్లినిక్‌లో ఒకసారి పన్నెండు మందికి వరుసగా పెట్టించాం, గంట కూడా పట్టలేదు.

మైదానానికి వెళ్ళగానే ఒక స్క్రూడ్రైవర్ తీసి నేలలో గుచ్చి చూడండి. మన నల్లరేగడి వానాకాలం పోగానే బిగుసుకుని పగుళ్ళిస్తుంది. మామూలు బలంతో రెండు అంగుళాలు దిగకపోతే ముందు రోజు సాయంత్రం నీళ్ళు పెట్టించండి. అయినా దిగకపోతే ఆ రోజు టాకిల్ (పట్టి పడేయడం) లేకుండా, చేత్తో తాకితే చాలనే టచ్ ఆట ఆడించండి.

జవాబు: ఆడిటరు, విజయవాడ

నిరుడు మీరు ఐదుగురు మిత్రులుగా నడిపారు, అంటే చట్టం కంటికి సంస్థ అంటూ ఏదీ లేదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సొసైటీగా నమోదు కావాలంటే కనీసం ఏడుగురు కావాలి. ఇంకో ఇద్దరిని చేర్చుకోండి, వాళ్ళలో ఒకరు ఆడే అమ్మాయి అయితే బాగుంటుంది. ఆ తర్వాత పాన్, ఇద్దరు సంతకాలు పెడితే తప్ప డబ్బు తీయలేని బ్యాంకు ఖాతా.

దాతల కోసం. కంపెనీల చట్టం, 2013లోని ఏడో షెడ్యూలు ప్రకారం ఒలింపిక్ క్రీడల శిక్షణకు కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు ఇవ్వవచ్చు. ఏడుగురి రగ్బీ ఒలింపిక్ క్రీడ. కానీ మీ సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ నుంచి సంస్థకూ దాతలకూ పన్ను మినహాయింపు ఇచ్చే నమోదులు, ఆ పైన సీఎస్ఆర్–1 నమోదు ఉండాలి. ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ళ అనుభవం కూడా చూపాలి, కాబట్టి ఇది ఈ ఏడాదికీ పై ఏడాదికీ అందదు, ఇప్పుడే మొదలుపెడితే మూడేళ్ళ తర్వాత అందవచ్చు. సొమ్ము ఖాతాలో పడ్డాకే అమ్మాయిలకు మాట ఇవ్వండి.

బీమా. 18 నుంచి 70 ఏళ్ళ వారికి ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ఎవరి బ్యాంకు ఖాతా నుంచి వాళ్ళకు కట్ అవుతుంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తి వైకల్యం వచ్చినా రెండు లక్షలు. మోకాలి ఆపరేషన్ ఖర్చు ఇందులో రాదు, ఆ సంగతి తల్లిదండ్రులకు విడమరచి చెప్పండి. ఆసుపత్రి ఖర్చుకు సభ్యులందరి పేరా సామూహిక ప్రమాద బీమా తీసుకోండి, క్రీడల్లో తగిలే దెబ్బలను మినహాయించారేమో పాలసీ కాగితం చదివాకే డబ్బు కట్టండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మంగళగిరి అమ్మా, నువ్వెవరో గుర్తుపట్టాను. ఆ గది సంగతి నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. క్షమించు. సొసైటీలో ఏడో సంతకం నీది కావాలి, ఆలోచించి చెప్పు.

నిన్న ఐదుగురం కూర్చున్నాం. ఏడుగురి ఆటే పెడుతున్నాం, నవంబరు నుంచి నెలకు ఒక ఆదివారం. నాలుగు తేదీలూ ఈ వారంలోనే ఉత్తరంగా ఇస్తాం. మ్యాచ్ ఫీజు ఈ ఏడాది లేదు. బాకీ జాబితా రాశాను, ఆదివారం సాయంత్రం అందరి ముందూ చదువుతాను. మా ఐదుగురి నుంచి నెలకు కొంత వేసి మోకాలి దెబ్బ తగిలిన అమ్మాయి కుటుంబానికి ముందు ఇస్తాం, మిగతావాళ్ళు దానికి ఒప్పుకున్నారు. రేపు ఆ ఇంటికి వెళుతున్నాను.

ఒక్క చిన్న సందేహం మిగిలింది. మైదానం గుంటూరులో దొరికింది, గది, నీళ్ళు రెండూ ఉన్నాయి. ఆదివారం ఉదయం ఆరు గంటలకల్లా తెనాలి నుంచి పన్నెండు మంది చేరాలంటే ఏ బస్సు గానీ రైలు గానీ అందుతుంది? రోజూ ఆ దారిలో తిరిగేవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి. అందదంటే తెనాలి మ్యాచ్‌ను మొదటి విడతలో రెండోదిగా పెడతాం.