గిటార్ బాడీకి వెనీర్: వాక్యూమ్ ప్రెస్ కొనాలా, క్లాంపులు చాలా?

తీగలబండి:
అందరికీ నమస్కారం. సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి చేస్తున్నాను. బాడీ మందం 44 మి.మీ. ముందు వైపు అంతా చదునే, కుడి చెయ్యి ఆనే చోట మాత్రం స్ట్రాటోకాస్టర్ గిటార్‌కి ఉన్నట్టు వాలు తీయాలని ఉంది. పైన 0.6 మి.మీ. మేపుల్ బర్ల్ (చెట్టు కణితి చెక్క) వెనీర్, అంటే అలంకారానికి అతికించే పల్చటి చెక్క పొర, రెండు ముక్కలు మధ్యలో కలిసి ఒకదానికొకటి అద్దంలో నీడలా ఉండేట్టు. ఆ తర్వాత నీలం రంగు డై.

తెలిసిన ఒకాయన వాక్యూమ్ ప్రెస్ లేకపోతే వెనీర్ జోలికే పోవద్దన్నాడు. ఇంకొకాయన "ఆ పంపుకీ సంచికీ పెట్టే డబ్బుతో క్లాంపులు కొనుక్కో, ఇంకో పదిరకాలుగా పనికొస్తాయి" అంటున్నాడు. ఇద్దరూ చెయ్యి తిరిగినవాళ్లే. ఎవరి మాట వినాలో తేలక ఇక్కడ అడుగుతున్నాను.

చెక్కపొట్టు:
రెండో ఆయన మాట వినండి. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. వాక్యూమ్ ప్రెస్ అంటే సంచిలో గాలి తీసేస్తాం, బయటి గాలి ఒత్తుతుంది, అంతే. సముద్రమట్టంలో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 1.03 కిలోలు. ఎంత ఖరీదైన పంపు పెట్టినా అంతకు మించదు. వాక్యూమ్ గేజ్ మీద 25 అంగుళాల పాదరసం చూపిస్తే మీకు దక్కేది 0.86 కిలోలు. సముద్రమట్టానికి 1500 మీటర్ల ఎత్తున ఉంటే గాలి ఒత్తిడే ఆరో వంతు దాకా తగ్గిపోతుంది, పంపును తిట్టి లాభం లేదు.

అదే ఒక మంచి క్లాంపును చేత్తో బిగిస్తే రెండు మూడు వందల కిలోలు తేలిగ్గా వస్తుంది. గిటార్ ముఖం 1100 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. 16 క్లాంపులు పెడితే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు, అంటే సంచి ఇచ్చేదానికి నాలుగింతలు. గట్టి కలపను అతికించడానికి జిగురు కంపెనీలు 12 కిలోల పైనే చెబుతాయి. సంచి ఆ దరిదాపుల్లో కూడా లేదు.

గాలిసంచి:
చెక్కపొట్టు గారూ, గుణకారం బాగానే ఉంది, కానీ ఆ మూడున్నర కిలోలు ఎక్కడ పడుతున్నాయో చెప్పలేదు. క్లాంపు తల కింద ఒత్తిడి పలకలోకి సుమారు 45 డిగ్రీల కోణంలో విచ్చుకుంటుంది. 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క నారను ఒత్తి చేసిన) పలక పెడితే తల చుట్టూ 18 మి.మీ. దాకా బాగా పనిచేస్తుంది, ఆపైన పడిపోతుంది. మామూలు క్లాంపు నోరు అంచు నుంచి పది సెంటీమీటర్లు లోపలికి వెళ్తే గొప్ప. బాడీ నడుమ, సరిగ్గా రెండు ముక్కలు కలిసే అతుకు దగ్గర, మీ ఒత్తిడి ఎంత? అక్కడే కదా బుడగ లేచేది!

ఇంకొకటి. ఆ 12 కిలోల లెక్క రెండు బిరుసు చెక్కలను ఒకదానికొకటి ఆనించడానికి. రెండూ వంగవు కాబట్టి బలంతో దగ్గరికి తేవాలి. 0.6 మి.మీ. వెనీర్ వేలితో నొక్కితేనే ఆనుతుంది. దానికి కావలసింది ప్రతి చోటా ఒకేలా తగిలే ఒత్తిడి. సంచి బాడీ మొత్తం మీద 900 కిలోలకు పైగా మోపుతుంది, అతుకు మీదా అంతే, మూల మీదా అంతే.

చెక్కపొట్టు:
నడుమ ఒత్తిడి పడదన్నది పలక ఒక్కటే పెట్టేవాళ్ల సంగతి. పలక మీద అడ్డంగా నాలుగైదు గట్టి కర్రలు వేస్తాం. ఒక్కో కర్ర అడుగున నడుమ ఒకటి రెండు మి.మీ. ఉబ్బు ఉండేలా చిత్రిక పడతాం. రెండు చివర్లా క్లాంపు బిగిస్తే ముందు నడుమ ఒత్తుకుంటుంది, తర్వాత అంచులు. అదనపు జిగురు కూడా మధ్యలోంచి బయటికే వస్తుంది. వెనీర్ పనివాళ్లకు ఇది పంపులు రాకముందు నుంచీ తెలిసిన పద్ధతే.

పైగా సంచిలో తెల్ల జిగురు తడి ఎటు పోతుంది? ప్లాస్టిక్‌లో మూసేసిన చెక్క ఎలా ఆరుతుంది? వాక్యూమ్‌లో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కదా, జిగురు నురగలు కక్కదా?

గాలిసంచి:
నురగ భయం అక్కర్లేదు. 25 అంగుళాల దగ్గర నీళ్లు మరగాలంటే 56 డిగ్రీల వేడి కావాలి. గది వేడిలో మరగాలంటే గేజ్ 29 దాటాలి, ఇళ్లలో వాడే సెటప్‌లో అంతదాకా లాగాల్సిన పనే లేదు. ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) అయితే చెక్క రంధ్రాల్లోని గాలి బుడగలుగా పైకి వస్తుంది, అది వేరే తలనొప్పి.

తడి విషయానికొస్తే, తెల్ల జిగురులోని నీళ్లను ఎక్కువగా పీల్చుకునేది చెక్కే. మీరు మాత్రం వెనీర్ మీద ప్లాస్టిక్ షీటు, దానిపైన ఎండీఎఫ్ పెట్టి బిగించరా? అక్కడ ఏ గాలి ఆడుతోంది? రెండింటిలోనూ బయటికి తీశాక ఒక రాత్రి ఆరబెట్టాల్సిందే.

బేస్‌మోత:
మీ ఇద్దరి మధ్య గాలి ఒత్తిడి ఇప్పటికే 2 కిలోలు దాటింది.

పనికొచ్చే మాట ఒకటి చెబుతా. లోపల గదులు తొలిచిన బాడీ అయితే సంచిలో పెట్టేముందు ఆగండి. పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఖాళీ మీద పల్చటి పైపలక ఉందనుకోండి, గదిలోని గాలి కూడా పంపు లాగేస్తే ఆ ముక్క ఒక్కదాని మీదే 86 కిలోలు. పైన మందపాటి పలక లేకపోతే లోపలికి కుంగిపోతుంది. పికప్ (తీగల కదలికను పట్టే భాగం) గుంటలూ అంతే. వెనీర్ ముందు, రౌటర్‌తో (గుంటలు తొలిచే మిషన్) తొలవడం తర్వాత.

పాతరంపం:
తీగలబండి గారూ, వీళ్లు ఒత్తిడి దగ్గరే ఆగిపోయారు. రిపేరుకి నా దగ్గరికొచ్చే వెనీర్ గిటార్లలో ఒత్తిడి చాలక లేచినవి తక్కువే. ఎక్కువగా చూసేవి మూడు: డై మచ్చలు, అంచు దగ్గర చీలిక, ఉప్పుకాగితంతో అరగ్గొట్టి కింద చెక్క బయటపడటం. మూడోది చేతివాటం, దానికి ఏ ప్రెస్సూ మందు కాదు.

మీది బర్ల్. దానికి గ్రెయిన్ (చెక్క నార) ఒక దిక్కుకు ఉండదు, నిండా సూది రంధ్రాలుంటాయి. ఒత్తగానే జిగురు వాటిల్లోంచి పైకి వస్తుంది. ఆరాక కంటికి కనపడదు. నీలం డై పూయగానే జిగురున్న చోటల్లా తెల్లగా మిగిలిపోతుంది, చెక్క రంగు తాగదు. ఇలాంటి వెనీర్‌కు పల్చటి తెల్ల జిగురు వద్దు. వెనీర్ కోసమే చిక్కగా చేసే జిగురు గానీ, యూరియా ఫార్మాల్డిహైడ్ పొడి జిగురు గానీ వాడండి. ఆ పొడి జిగురు ఆరాక గాజులా బిగుస్తుంది, తర్వాత జరగదు. కానీ గది 20 డిగ్రీల పైన ఉండాలి, కొన్ని గంటలు కదపకూడదు. మాస్కు తప్పనిసరి, కిటికీలు తెరిచి పెట్టుకోవాలి. జిగురు బాడీకే పూయండి, వెనీర్‌కు పూస్తే అది అక్కడికక్కడే చుట్ట చుట్టుకుంటుంది.

బర్ల్ ఎలాగూ అప్పడంలా వంకరలు తిరిగి వస్తుంది. నీళ్లలో కొంచెం గ్లిజరిన్ కలిపి చల్లి, కాగితాల మధ్య బరువు కింద పెట్టి, కాగితాలు మారుస్తూ పూర్తిగా ఆరేదాకా ఉంచండి. ఈ పని ఎగ్గొట్టి ప్రెస్సులో పెడితే అది క్లాంపైనా సంచైనా వెనీర్ పగులుతుంది.

గాలిసంచి:
జిగురు మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. అంచు చీలిక గురించి మాత్రం నేను చెప్పాలి, ఎందుకంటే అది సంచి వాడేవాళ్లకే ఎక్కువ. వెనీర్‌ను బాడీ కన్నా రెండు సెంటీమీటర్లు పెద్దగా కోసి అలాగే సంచిలో పెడతారు. పంపు ఆన్ చేయగానే సంచి ఆ బయటి ముక్కను కిందికి విరుస్తుంది. విరుపు అంచు దగ్గర ఆగదు, బాడీ మీదికి పాకుతుంది. అందుకే బయటికి మూడు మి.మీ. మించి వదలకూడదు. లేదంటే పైన బాడీ కన్నా కొంచెం పెద్ద పలక పెట్టాలి. చదును బాడీకి పలక ఎలాగూ మంచిదే. పలక లేకుండా పెడితే సంచి ఎంత బుద్ధిగా ఒత్తుతుందంటే, బాడీ మీద లప్పం పెట్టిన చిన్న గుంట కూడా వెనీర్ మీద అచ్చుపడుతుంది. క్లియర్ కోటు కొట్టాక దీపం కింద పెట్టి చూస్తే తెలుస్తుంది.

చెక్కపొట్టు:
అంటే చదును బాడీకి సంచిలోనూ పలక కావాలన్నమాట. నేను చెప్పేదీ అదే.

గాలిసంచి:
చదునుకు మీ కర్రలూ క్లాంపులూ చాలు, సరే. కానీ ఆయన వాలు తీస్తానన్నారు. దాని మీద ఎలా బిగిస్తారు?

చెక్కపొట్టు:
వాలు కోసినప్పుడు ఊడొచ్చిన ముక్కనే తిరిగి పైన పెడతాను. మధ్యలో పల్చటి కార్క్ షీటు. ఆ ముక్క పైతలం బాడీతో సమానంగా చదునే కాబట్టి క్లాంపు నిటారుగా కూర్చుంటుంది.

గాలిసంచి:
బ్యాండ్‌సాతో ఒకే ముక్కగా కోస్తే సరే. ఎక్కువమంది వాలును రాస్పుతో (గరుకు ఆకురాయి), సాండర్‌తో అరగదీస్తారు. ముక్క ఎక్కడ మిగులుతుంది? ముక్క ఉన్నా, చదును ఆగి వాలు మొదలయ్యే మెలిక దగ్గర రంపం మందం మేర సందు వస్తుంది. వెనీర్ లేచేది సరిగ్గా ఆ గీత వెంబడే. సంచికి ఆ గొడవ లేదు.

ఇస్త్రీమడత:
మీరెవ్వరూ ఇస్త్రీపెట్టె పేరెత్తలేదు. బాడీకీ వెనీర్‌కీ రెండింటికీ తెల్ల జిగురు పూసి, పూర్తిగా ఆరనిచ్చి, వేడి ఇస్త్రీపెట్టెతో నడుమ నుంచి అంచులకు నొక్కుకుంటూ పోవడమే. వాలు మీద కూడా అంటుకుంటుంది. పంపు లేదు, క్లాంపు లేదు.

పాతరంపం:
అంటుకుంటుంది, కాదనను. కానీ వేడికి వెనీర్ ఆరిపోయి కుంచించుకుంటుంది, రెండు ముక్కల అతుకు వెంట్రుకంత విచ్చుకుంటుంది. ఒకే ముక్క వెనీర్ అయితే నేనూ సరే అంటాను. బర్ల్‌కు, అందులోనూ నడుమ అతుకు ఉన్నదానికి వద్దు. గిటార్‌ను ఎండలో కారులో వదిలేస్తే తెల్ల జిగురు మళ్లీ మెత్తబడుతుంది, అదొకటి. హైడ్ గ్లూ (జంతు చర్మంతో చేసే జిగురు) పోసి సుత్తితో ఒత్తుకుంటూ పోయే పాత పద్ధతిలోనూ వేడి ఉంది, కానీ ఆవిరి పట్టి తిరిగి ఊడదీసుకోవచ్చు. అది నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

తీగలబండి:
చాలా థాంక్స్. ఇంకో డౌట్. తర్వాతి గిటార్‌కు లెస్ పాల్ గిటార్ లాగా ఉబ్బెత్తు టాప్ (పై ముఖం) చేయాలని ఉంది. దానికైనా సంచి కొనిపెట్టుకోవచ్చా?

పాతరంపం:
వాలు ఒక దిక్కుకే వంగుతుంది, ఉబ్బెత్తు రెండు దిక్కులా వంగుతుంది. వెనీర్ సాగదు కాబట్టి ఎక్కడో ముడత పడాలి, లేదా చీలాలి. ఉబ్బు తక్కువైతే, వెనీర్‌ను బాగా మెత్తబరిస్తే పడుతుంది. ఎపిఫోన్ కంపెనీ లెస్ పాల్‌లలో మామూలు మేపుల్ టాప్ మీద చారల మేపుల్ వెనీర్ వేసినవి ఉన్నాయి కదా. ఇంట్లో మొదటిసారే అక్కడికి పోవద్దు. 1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335 గిటార్ టాప్ కూడా పొరలను అచ్చులో ఒత్తి చేసిందే. అచ్చు లేకుండా సంచి ఒక్కటే ఆ పని చేయదు.

చెక్కపొట్టు:
నా చివరి మాట. ఒక్క గిటార్ కోసమైతే వాలు మానేసి టెలికాస్టర్ గిటార్‌లా చదునుగా ఉంచండి, క్లాంపులతో అయిపోతుంది. అంచు గుండ్రంగా తీస్తే వెనీర్ తెగి కింద చెక్క కనబడుతుంది కాబట్టి బైండింగ్ (అంచు చుట్టూ అతికించే సన్నని పట్టీ) వేసుకోండి. సంచి వాడినా ఆ తిప్పలు తప్పవు.

గాలిసంచి:
వాలు కావాలని ఆయన అడిగితే వాలు మానేయమనడం జవాబెలా అవుతుంది? చేత్తో గాలి లాగే చిన్న పంపు, సంచి కలిపి కిట్లుగా దొరుకుతాయి. స్కేట్‌బోర్డులు చేసేవాళ్లు వాడేవి అవే. మోటారు పంపు అక్కర్లేదు, కానీ సంచి లీకైతే గంటకోసారి చూసి మళ్లీ లాగాలి.

తీగలబండి:
వాలు ఉంచుతున్నాను. చేతి పంపు కిట్ తెప్పిస్తాను. అసలు బర్ల్ ముట్టుకోకముందే, పనికిరాని చెక్క మీద ఇదే వాలు తీసి, మామూలు వెనీర్‌తో ఒకటి సంచిలో, ఇంకొకటి ఊడిన ముక్క, క్లాంపులతో ఒత్తి చూస్తాను. రెండింటి మీదా అదే నీలం డై పూసి ఫోటోలు పెడతాను.

పాతరంపం:
ఫోటోలకు ముందు గోటితో కొట్టి వినండి. అంటిన చోట గట్టిగా, లేచిన చోట డొల్లగా పలుకుతుంది. డొల్లగా ఉన్నచోట గ్రెయిన్ వెంట బ్లేడుతో సన్నగా కోసి, సిరంజితో జిగురు ఎక్కించి, మళ్లీ ఒత్తండి. డై పూయకముందే చేయాలి.

చెక్కపొట్టు:
మెలిక దగ్గర కార్క్ రెండు పొరలు వేయండి, అప్పుడు పోల్చండి. లేకపోతే గాలిసంచి గారు గెలిచారని ముందే రాసేసుకోవచ్చు.