బాబుకు కుడి ఛాతీ కండరం లేదు, వేళ్లు అతుక్కుని ఉన్నాయి. ముందు ఏం చేయించాలి?

ప్రశ్న: మా బాబుకు 9 నెలలు. నూనె రాసేటప్పుడు కుడి ఛాతీ పల్లంగా తగులుతుంది. చంక ముందు ఉండే మడత ఆ వైపు లేనే లేదు. ఆ చేతి వేళ్లు పొట్టి, నడిమి మూడు అతుక్కుని ఉన్నాయి. డాక్టరుగారు పోలాండ్ సిండ్రోమ్ అన్నారు. గ్రహణం రోజున నేను బయటికి వెళ్లడం వల్లే ఇలా అయిందని మా అత్తగారు బాధపడుతున్నారు. రోజూ మర్దన చేస్తే కండరం వస్తుందా?

జవాబు: రాదమ్మా. పుట్టుకతో లేని కండరాన్ని ఏ నూనే తీసుకురాలేదు. మా అబ్బాయికీ ఇదే ఉంది, ఇప్పుడు 14 ఏళ్లు.

గ్రహణం మాట మనసులోంచి తీసేయండి. గర్భంలో ఆరో వారం ప్రాంతంలో ఛాతీకి, చేతికి వెళ్లే రక్తం తగ్గడమే కారణమని వైద్యులు ఎక్కువగా భావిస్తారు. మీరు చేసిన తప్పేమీ లేదు. పోలాండ్ అన్నది దేశం పేరు కాదు, 1841లో లండన్‌లో ఒక మృతదేహంలో ఈ లోపాన్ని గమనించి రాసిన ఆల్ఫ్రెడ్ పోలాండ్ పేరు.

ఛాతీ సంగతి తర్వాత, ముందు చేయి చూపించండి. చేతి ఆపరేషన్లలో అనుభవమున్న ప్లాస్టిక్ సర్జన్ కావాలి. వేళ్లు విడదీయడం సాధారణంగా ఏడాది, రెండేళ్ల మధ్య చేస్తారు. చర్మం చాలని చోట గజ్జల దగ్గరిది తీసి అతికిస్తారు. మూడు వేళ్లనూ ఒకేసారి విడదీయరు. నడిమి వేలికి రెండు పక్కలా కోస్తే రక్తప్రసారం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇది తెలియక, రెండో ఆపరేషన్ అనగానే మొదటిది చెడిపోయిందేమోనని నేను రాత్రంతా ఏడ్చాను.

పక్కటెముకలు సరిగా ఉన్నాయో లేదో ఎక్స్‌రేలో చూస్తారు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ లోపలికి పోతుంటే ఆ విషయం వెంటనే చెప్పండి. లేకపోతే ఛాతీ ఆకారం సరిచేసే ఆపరేషన్ ఎదుగుదల పూర్తయ్యాకే ఆలోచించవచ్చు.

ప్రశ్న: పాకేటప్పుడు భారమంతా ఎడమ చేతి మీదే వేస్తున్నాడు. పెద్దయ్యాక బరువులు ఎత్తగలడా?

జవాబు: భుజం చుట్టూ ఉన్న మిగతా కండరాలు చాలావరకు ఆ పని అందుకుంటాయి. మా వాడు బిందెతో నీళ్లు మోస్తాడు. అమెరికా గోల్ఫ్ ఆటగాడు బ్రైస్ మోల్డర్‌కు ఎడమవైపు ఇదే లోపం, అయినా 2011లో పీజీఏ టూర్ (అక్కడి పెద్ద ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరుస) పోటీ ఒకటి గెలిచాడు. బొమ్మలు కుడివైపు పెట్టండి, ఆ చేయి చాపుతాడు. ఇంకొకటి: ఆపరేషన్ తర్వాత కట్టు మోచేయి పైదాకా వేస్తారు, పొట్టిగా వేస్తే పిల్లలు లాగేస్తారు. మామూలు చొక్కా ఎక్కదు. చేతులు లేని వదులు చొక్కాలు నాలుగు ముందే కుట్టించి ఉంచుకోండి.