పుట్ అమ్మిన ప్రీమియం 1099-బిలో లేదు, విడిగా ఎక్కించాలా?

ఇర్వింగ్ గోదారోడు:
ఇన్నేళ్లూ మా ఇంట్లో రెండు డబ్ల్యూ-2లే (అమెరికాలో కంపెనీ ఇచ్చే జీతం ఫారాలు). టీ చల్లారేలోపు రిటర్న్ అయిపోయేది. 2024 చివర్లో లంచ్ టేబుల్ దగ్గర మాటలు విని ఆప్షన్ల (షేర్లని ముందే కుదిరిన ధరకి కొనే, అమ్మే హక్కుల) జోలికెళ్లా. చేసినవి రెండే ట్రేడులు, పోయినవి రెండు వారాంతాలు. "ఇంతకీ ఎంత మిగిలింది?" అంది మా ఆవిడ. 175 డాలర్లు. అదీ ఈ చిక్కు వీడితేనే.

2025 మార్చిలో 45 డాలర్ల స్ట్రైక్‌కి (ముందే కుదిరిన ధరకి) ఒక పుట్ అమ్మా, అంటే అవతలివాడు అడిగితే ఆ ధరకి 100 షేర్లు కొంటానని ఒప్పుకున్నా. అందుకు ప్రీమియంగా 210 వచ్చింది. ఏప్రిల్‌లో సుంకాల దెబ్బకి మార్కెట్ జారి పుట్ అసైన్ అయింది, అంటే షేర్లు కొనక తప్పలేదు. 4,500 పెట్టి 100 షేర్లు నెత్తినేసుకున్నా. జూన్‌లో 4,400కి వదిలించుకున్నా. నా ఎక్సెల్‌లో పుట్ మీద 210 లాభం, షేర్ల మీద 100 నష్టం. పన్ను సాఫ్ట్‌వేర్‌లోకి 1099-బి (బ్రోకరు పంపే అమ్మకాల లెక్క) ఇంపోర్ట్ చేస్తే ఒకటే వరుస: అమ్మకం 4,400, కొన్న ధర 4,290. పుట్ ఊసే లేదు. ఆదాయం దాచినట్టవుతుందని భయమేసి 210 చేత్తో ఎక్కించా. వెంటనే రీఫండ్ 46 డాలర్లు తగ్గింది.

రెండోది, 2024 డిసెంబరులో 65 డాలర్ల ప్రీమియానికి అమ్మిన పుట్ ఎవరూ వాడుకోకుండానే 2025 జనవరి 17న ఎక్స్‌పైర్ అయింది (గడువు తీరింది). డబ్బు 2024లోనే వచ్చింది కదా, పాత రిటర్న్ సవరించాలా? పైగా ఆ వరుసలో కొన్న ధర సున్నా ఉందని సాఫ్ట్‌వేర్ ఎర్రజెండా ఊపుతోంది.

ప్లేనో బాబాయ్:
ముందు ఆ చేత్తో ఎక్కించిన వరుస చెరిపెయ్ తమ్ముడూ, పన్ను రెండుసార్లు కడుతున్నావు. 4,500లోంచి 210 తీస్తే ఎంత? 4,290. నీ ప్రీమియం అక్కడే ఉంది. పుట్ అసైన్ అయితే ప్రీమియం విడి ఆదాయం కాదు, షేర్ల ధరలోంచి తగ్గుతుంది. కాల్ (షేర్లు కొనే హక్కు) అమ్మి అసైన్ అయితే అమ్మకం సొమ్ముకి కలుస్తుంది. అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ పబ్లికేషన్ 550లో ఉంది, ఓపికుంటే చదువు. 2014కి ముందు నేను ఈ కూడికలు, తీసివేతలు చేత్తోనే చేసుకునేవాణ్ణి. ఆ ఏడాది నుంచి కొత్తగా కొన్న, అమ్మిన ఆప్షన్ల లెక్క బ్రోకరే పంపాలి కాబట్టి నీకు తయారుగా వచ్చింది.

65 సంగతి. అమ్మినవాడికి డబ్బు చేతికొచ్చిన రోజు లెక్క కాదు, ఆ ఆప్షన్ ముగిసిన రోజు లెక్క. కాబట్టి 2025లోకే వస్తుంది, పాత రిటర్న్ ముట్టుకోకు. అమ్మకం 65, ధర సున్నా, షార్ట్ టర్మ్ (స్వల్పకాలిక) లాభం. కాగితం మీద ఫారం 8949 (అమ్మకాల లాభనష్టాల పట్టిక) నింపేవాళ్లు ధర గడిలో 'ఎక్స్‌పైర్డ్' అని రాస్తారు. ఎర్రజెండా దగ్గర సున్నా నిజమేనని ఒప్పుకుని ముందుకెళ్లు.

షార్లెట్ అక్క:
బాబాయ్ చెప్పింది సరే. నాకు తగిలిన దెబ్బ కూడా వినండి. ఒకసారి 100 షేర్లు 800 నష్టానికి అమ్మా. పదకొండో రోజున మావారు తన ఖాతాలో అదే షేరు మీద ఒక కాల్ కొన్నారు. ఇద్దరి 1099-బిలూ కడిగిన ముత్యాలే! అయినా అది వాష్ సేలే, అంటే నష్టానికి అమ్మి అదే మళ్లీ కొంటే ఆ నష్టం అప్పటికి చెల్లదు. ముందూ వెనకా 30 రోజుల్లో ఆప్షన్ కొన్నా, జీవిత భాగస్వామి కొన్నా వర్తిస్తుంది. బ్రోకరు చూసేది ఒకే ఖాతాలో ఒకే సెక్యూరిటీని మాత్రమే. 8949లో వాష్ సేల్‌కి గుర్తైన డబ్ల్యూ కోడ్ పెట్టి 800 నేనే చేత్తో వెనక్కి కలిపా. ఆ నష్టం కాల్ ధరలోకి ఎక్కింది. మావారి మీద కోపం మాత్రం ఎక్కడా సర్దుబాటు కాలేదు.

ఇర్వింగ్ గోదారోడు:
చెరిపేశా బాబాయ్, 46 వెనక్కొచ్చింది. కానీ అక్కా, మీ మాటతో గుండె జారింది. నేను 4,400కి అమ్మిన వారానికే మా ఆవిడ తన ఖాతాలో అవే 100 షేర్లు కొంది. నా 100 నష్టం గల్లంతేనా?

షార్లెట్ అక్క:
నష్టమెక్కడిది తమ్ముడూ? అది నీ ఎక్సెల్‌లోనే. పన్ను లెక్కలో నీకొచ్చింది 110 లాభం. వాష్ సేల్ నష్టాలకే. ఆ ఎక్సెల్ మూసి ఫైల్ చేసెయ్.