అమ్మానాన్నల అమెరికా ప్రయాణం: చెన్నై నుంచి దుబాయ్ దారా, సింగపూర్ దారా?

రేణిగుంట_కుర్రోడు:
మా అక్క శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటుంది. మే నెలలో అమ్మానాన్నల్ని పంపాలి, ఇద్దరికీ విమానం కొత్త. బావేమో సింగపూర్ మీదుగా పంపమంటున్నాడు, నేను దుబాయ్ అంటున్నా. చెన్నై నుంచి రెండూ సుమారు 2,900 కిలోమీటర్లే, కానీ అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దుబాయ్ దారి 13,000, సింగపూర్ దారి 13,600. పెద్దవాళ్ళని ఎక్కువ దూరం ఎందుకు తిప్పాలి?

నగరి_అన్న:
తమ్ముడూ, కిలోమీటర్లు చూసి గంటలు లెక్కెయ్యొద్దు. అంత ఎత్తులో జెట్ స్ట్రీమ్ అని పడమర నుంచి తూర్పుకి గట్టి గాలి వీస్తుంటుంది. సింగపూర్ విమానం పసిఫిక్ మీద ఆ గాలి వాటంతోనే పోతుంది కాబట్టి దూరం ఎక్కువైనా 15 గంటల చిల్లరలో దించేస్తుంది, దుబాయ్ నుంచైతే దాదాపు 16. మీ బావ చెప్పిందే కరెక్ట్.

రేణిగుంట_కుర్రోడు:
మరి తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురొస్తుంది కదన్నా?

నగరి_అన్న:
వస్తుంది, అప్పుడు 17 గంటలు దాటుతుంది. దుబాయ్ విమానం ఉత్తరానికి ధ్రువం వైపుగా పోయి మళ్ళీ దక్షిణానికి దిగుతుంది, అందుకే దానికి రానూపోనూ పెద్ద తేడా ఉండదు. ఇంకో మాట, సింగపూర్‌లో పొద్దున ఎక్కితే అదే తేదీ పొద్దున అక్కడ దిగుతారు, పసిఫిక్ మధ్యలో తేదీ మారే గీత, అదే తేదీ రేఖ, దాటుతారు గనక. టికెట్ మీద ఆ టైమ్ చూసి తప్పు పడిందని నాన్న టెన్షన్ పడకుండా ముందే చెప్పు.

చిత్తూరు_మామ:
మీరిద్దరూ అరగంటకీ గంటకీ కొట్టుకుంటున్నారు గానీ, పెద్దవాళ్ళని అలసగొట్టేది మధ్యలో విమానం మారడం. కొత్త ఎయిర్‌పోర్టులో గేటు వెతుక్కుంటూ నడవాలి, భాష రాదు, ఆ కంగారు గాల్లో గంటకంటే ఎక్కువ. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువం మీదుగా విమానాన్ని నేరుగా బెంగళూరుకి తెచ్చారు, సుమారు 14,000 కిలోమీటర్లు, 17 గంటలు. మీ తేదీలకి అట్లా నేరుగా పోయేది దొరుకుతుందేమో ముందు అది చూడండి. మాకు చిత్తూరు నుంచి పలమనేరు, కోలారు మీదుగా పోయి హొసకోట దగ్గర ఎయిర్‌పోర్టున్న దేవనహళ్ళి వైపు తిరిగితే బెంగళూరు ట్రాఫిక్ కూడా తగలదు.

నగరి_అన్న:
మామా, చిత్తూరుకి సరే, రేణిగుంట వాళ్ళకి చెన్నై ఎయిర్‌పోర్టు మీనంబాకమే దగ్గర. పైగా మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని 17 గంటలు ఒకే సీట్లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు, మధ్యలో దిగి కాస్త నడిస్తేనే కాళ్ళకి మంచిది. టికెట్ మొత్తం ఒకే బుకింగ్‌లో తీసుకోండి, వీల్‌చైర్ అప్పుడే అడగండి, సామాను చెన్నైలో ఇస్తే మళ్ళీ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే తీసుకోవచ్చు. ఆగే టైమ్ మూడు గంటలకి తక్కువుంటే మాత్రం ఆ టికెట్ వద్దు.

రేణిగుంట_కుర్రోడు:
వీల్‌చైర్ ఇద్దరికీ పెడతా. పోయేటప్పుడు సింగపూర్‌కి ఒప్పుకుంటా, వచ్చేటప్పుడు మాత్రం దుబాయే, ఆ విషయంలో బావ మాట వినను.

చిత్తూరు_మామ:
అట్లా పోను ఒక దారి, రాను ఒక దారి పెడితే రేటు పెరుగుతుందేమో, బుక్ చేసే ముందు రెండు రకాలుగానూ చూసుకో అబ్బాయ్.